ఆ వాయిస్ మెసేజ్‌లో డాక్టర్ గారి పేరేంటి?

"కొత్త వైరస్ వచ్చిందంట, పెద్దాసుపత్రిలో బెడ్లు నిండిపోయాయంట" అని ఈమధ్య మన వైపు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది. దాని పుణ్యమా అని ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే దారి పట్టాయి: కరోనా లాంటిది మళ్ళీ వస్తే ఏది నమ్మాలి, ఏది వదిలేయాలి? ఒకేలా ఉన్నవి కలిపేశాను. ఇంటి గుట్టు బయటపడే వివరాలు తీసేశాను.

ప్రశ్న: మా బావగారు (మా వారి అన్నయ్య) ఫ్యామిలీ గ్రూపులో రోజూ ఇలాంటివి పెడుతుంటారు. ఆ వాయిస్ మెసేజ్ కూడా ఆయనే పెట్టారు. అది విన్నప్పటి నుంచి మా అత్తగారు పిల్లల్ని స్కూలు మాన్పించమని ఒకటే గొడవ. నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి? పెద్దాయనకి ఎదురు చెప్పలేను కదండీ.
- ఒక గృహిణి, కావలి

జవాబు: ఆ మెసేజ్ నేనూ విన్నానమ్మా. "నేను డాక్టర్ని మాట్లాడుతున్నా" అంటాడు గానీ పేరు చెప్పడు, ఏ వార్డో చెప్పడు, ఏ తేదీన మాట్లాడుతున్నాడో అసలే చెప్పడు. "రేపట్నుంచి ఎవరూ గడప దాటొద్దు" అంటాడు, ఆ రేపు ఎప్పటి రేపో మనకి తెలియదు, మూడేళ్ల కిందటిది కూడా కావచ్చు. తేదీ లేని మెసేజ్‌కి వయసు మీద పడదు, ఎప్పుడు విన్నా ఇవాళ పొద్దున చెప్పినట్టే ఉంటుంది.

ఇలాంటిది వచ్చినప్పుడు నేను ముందు చూసేది ఒకటే. ఈ మాట అబద్ధమని తేలితే రేపు ఎవరిని నిలదీయొచ్చు? కలెక్టర్ ప్రకటన అయితే కలెక్టర్‌ని అడుగుతాం, పేపర్లో వస్తే ఆ పేపర్ వాళ్ళని, జిల్లా వైద్యాధికారి చెప్తే ఆ ఆఫీసుని. వాళ్ళూ తప్పులు చెప్తారు, చెప్పారు కూడా, దాని సంగతి కింద ఇంకో జవాబులో ఉంది. కానీ వాళ్ళని అడగడానికి ఒక గుమ్మం ఉంది, ఈ గొంతుకి గుమ్మమే లేదు.

ఇంకొకటి, మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ వాళ్ళు ఇలాంటి మెసేజ్‌లను ఒకసారికి ఒక్క చాట్‌కి మించి పంపకుండా కట్టడి చేశారు, చేసినా ఇన్ని గ్రూపులు తిరిగిందంటే ఎంతమంది ఓపిగ్గా మోశారో చూడండి. బెడ్ల సంగతి నిజంగా తెలుసుకోవాలంటే మీ ఏఎన్ఎంని అడగండి, లేదా 104కి ఫోన్ చేయండి.

ఇక బావగారి విషయం. గ్రూపులో అందరి ముందూ "ఇది ఫేక్" అని లింకు పెట్టారో, ఆయన ఆ అబద్ధాన్ని కాదు, తన పరువుని కాపాడుకోవడం మొదలుపెడతారు. విడిగా ఫోన్ చేసి, "బావగారూ, ఆ డాక్టర్ గారి పేరు కనుక్కుంటారా, మా అమ్మని చూపించాలనుకుంటున్నాం" అని అడగండి. ఆయన పంపినవాళ్ళని అడుగుతారు, వాళ్ళు వాళ్ళకి పంపినవాళ్ళని అడుగుతారు, రెండు మూడు చేతులు దాటేసరికి పేరు లేదని ఆయనకే తెలిసిపోతుంది. ఆయన చెడ్డవారేం కాదు, ఇంట్లోవాళ్ళ మీద ప్రేమతో పంపుతున్నారు. కొట్టిపారేస్తే ఆ ప్రేమని కొట్టిపారేసినట్టు అనిపిస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది.

ప్రశ్న: కరోనాకని ఆనందయ్య ఇచ్చిన కృష్ణపట్నం మందు కోసం 2021లో మా ఊరు ఊరంతా లైన్లో నిలబడింది. మా నాన్న కూడా తెచ్చుకున్నాడు, ఆయనకి తగ్గింది. గవర్నమెంటే పర్మిషన్ ఇచ్చిన మందుని మీ పత్రికల వాళ్ళు పుకారు కింద కడతారేం అన్నా?
- ముత్తుకూరు నుంచి ఒక తమ్ముడు

జవాబు: కోపంగా రాశావు తమ్ముడూ, అందుకే వివరంగా చెప్తాను. ముందుగా ఆ లైన్లో నిలబడినవాళ్ళని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. 2021 మే నెల ఎలా గడిచిందో మన జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. బెడ్డు దొరకదు, ఆక్సిజన్ దొరకదు, రెమ్‌డెసివిర్ బ్లాకులో అమ్ముతున్నారు, అలాంటప్పుడు పక్క ఊళ్ళో ఒకాయన డబ్బులు తీసుకోకుండా మందు ఇస్తున్నాడంటే ఎవరైనా వెళ్తారు. మందు మంచిదా కాదా అన్న మాట పక్కన పెట్టి, అప్పుడు మనకి ఏ సమాచారం ఎలా అందిందో చూద్దాం.

2021 మే 31న రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చిన మాట నిజం. కంట్లో వేసే చుక్కలకి మాత్రం ఆ రోజు ఇవ్వలేదు. ఆ అనుమతికి ఆధారం కేంద్ర ఆయుర్వేద పరిశోధన సంస్థ సీసీఆర్‌ఏఎస్ నివేదిక. అందులో తేలిందేమిటి? వాడిన మూలికల వల్ల హాని కనపడలేదు, కానీ దాని వల్ల కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారాలు లేవు. అందుకే డాక్టర్లు రాసిచ్చిన మందులు ఆపొద్దని కూడా చెప్పారు. ఇవి రెండు వేరు వేరు మాటలు కదా, మన గ్రూపుల్లోకి వచ్చేసరికి మొదటి సగమే మిగిలింది: "గవర్నమెంట్ ఓకే చేసింది." పుకారంటే పూర్తి అబద్ధమే అనుకుంటాం గానీ, సగం కోసేసిన నిజం అంతకన్నా గట్టిది, ఎందుకంటే అడిగితే చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

మీ నాన్నకి తగ్గినందుకు సంతోషం. కోవిడ్ వచ్చినవాళ్ళలో అత్యధికులకి ఏ ప్రత్యేకమైన మందూ లేకుండానే తగ్గింది, మందు తీసుకున్నవాళ్ళలోనూ అంతే. అది మందు వల్ల తగ్గిందా, తగ్గేదే తగ్గిందా అని తెలియాలంటే ఒకే రకం రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఇచ్చి, ఇంకో గుంపుకి ఇవ్వకుండా, ఇద్దర్నీ ఒకే తీరుగా చూసి పోల్చాలి. నీకు, నాకు, మీ నాన్నకి ముగ్గురికీ కలిపి కూడా అది తెలిసే వీలు లేదు.

ఆ రోజుల్లో కంటి చుక్కలు వేయగానే లేచి కూర్చున్నానని ఒక పెద్దాయన మాట్లాడిన వీడియో గుర్తుండే ఉంటుంది, అది దేశమంతా తిరిగింది. తర్వాత కొద్ది రోజులకే ఆయన ఆసుపత్రిలో చనిపోయారు. ఆ వార్తా పేపర్లలో వచ్చింది, కానీ వీడియో చూసినవాళ్ళలో ఎంతమంది దాకా అది చేరిందంటావ్? నన్నడిగితే వీడియో చూసినప్పుడల్లా "ఆ తర్వాత ఏమైంది?" అని వెతకడం ఒక్కటి అలవాటైనా మనకి సగం మోసం తప్పుతుంది. మాస్కు లేకుండా వేలమంది ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడ్డ ఆ క్యూల గురించి నేను వేరే చెప్పక్కర్లేదు, నువ్వూ అక్కడే ఉన్నావు.

ప్రశ్న: వాట్సాప్‌ని అంటారు సరే, పెద్దవాళ్ళు మాత్రం మాట మీద నిలబడ్డారా? మాస్కు అక్కర్లేదన్నారు, తర్వాత లేకపోతే ఫైన్ వేశారు. రెండో డోసు నాలుగు వారాలకన్నారు, తర్వాత పన్నెండు వారాలన్నారు. ఇక ఎవర్ని నమ్మమంటారు?
- ఒక ఉద్యోగి, ఒంగోలు

జవాబు: మీ లిస్టుకి నేను ఇంకొన్ని కలుపుతాను. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ "కోవిడ్ గాలి ద్వారా సోకదు" అని గట్టిగా పోస్టు పెట్టింది, అది తప్పని తర్వాత ఒప్పుకోక తప్పలేదు, అదీ చాలా ఆలస్యంగా. ఈలోపు మనం పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగాం, కూరగాయలు ఉప్పునీళ్ళలో నానబెట్టాం, కిటికీలు మాత్రం మూసుకుని కూర్చున్నాం. మామూలు జనం కూడా మాస్కు పెట్టుకోవాలని అదే సంస్థ 2020 జూన్‌లో చెప్పింది. ప్లాస్మా (కోలుకున్నవాళ్ళ రక్తంలోంచి తీసేది) కోసం ఊళ్ళు ఊళ్ళు తిరిగిన కుటుంబాలు ఎన్నో, చివరికి 2021 మే 17న దాన్ని మన దేశపు చికిత్సా పద్ధతుల్లోంచి తీసేశారు, పరిశోధనల్లో లాభం కనపడలేదని. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువు మొదట 4 నుంచి 6 వారాలు, 2021 మార్చిలో 6 నుంచి 8, మేలో 12 నుంచి 16. టీకాలు దొరక్క జనం తెల్లవారుజామున క్యూలు కడుతున్న రోజుల్లోనే గడువు పెంచారు కాబట్టి "కొరత కప్పిపుచ్చడానికే" అని జనం అనుకున్నారు. బ్రిటన్ అనుభవాన్ని బట్టి పెంచామని ప్రభుత్వం అంది. అనుమానం రావడంలో తప్పేం లేదు, ఆ పూట వివరంగా చెప్పకపోవడమే వాళ్ళు చేసిన పొరపాటని నా అభిప్రాయం.

అయితే ఒకటి గమనించండి. పైన నేను ఇన్ని తేదీలు ఎలా చెప్పగలిగాను? వాళ్ళు చెప్పిన పాత మాటా కొత్త మాటా రెండూ తేదీలతో రికార్డులో ఉన్నాయి కాబట్టి. కొత్త జబ్బు వచ్చినప్పుడు మొదటి నెలల్లో తెలిసేది కొంచెమే, తెలిసేకొద్దీ మాట మారుతుంది, మారకపోతేనే భయపడాలి. కర్పూరం, వాము మూట కట్టి వాసన చూస్తే ఆక్సిజన్ లెవెల్ పెరుగుతుందన్న మెసేజ్ 2021లో ఎలా ఉందో ఇప్పటికీ అక్షరం మారకుండా అలాగే ఉంది. దాన్ని రాసినవాడు ఎప్పుడైనా "సారీ అండీ, పెరగదట" అన్నాడా?

కాబట్టి ఏ సలహా చదివినా ముందు తేదీ చూడండి. మంచి సలహా కూడా ఏడాది పాతదైతే మనకి అక్కరకి రాకపోవచ్చు.

ప్రశ్న: ముక్కులో రెండు చుక్కలు నిమ్మరసం వేసుకుంటే వైరస్ చస్తుందని వీడియో వచ్చింది. నాకు నాలుగు ఎకరాల నిమ్మతోట. నిజమైతే చెప్పండి, కాకపోతే మాత్రం దయచేసి ప్రింటు వేయకండి.
- నిమ్మ రైతు, పొదలకూరు

జవాబు: ప్రింటు వేసేశాం, క్షమించాలి. ముక్కులో నిమ్మరసం వేసుకుంటే మంట పుడుతుంది, లోపలి పొర దెబ్బతింటుంది, వైరస్‌కి ఏమీ కాదు. వేడినీళ్ళ ఆవిరి కూడా అంతే. ముక్కు దిబ్బడకి హాయిగా ఉంటుందేమో గానీ వైరస్‌ని చంపదు, గిన్నె ఒలికి పిల్లలు కాలిన కేసులు ఉన్నాయి. మీ నిమ్మకాయలు నీళ్ళలో పిండుకుని తాగమని మాత్రం అందరికీ చెప్తాను, ఎండాకాలంలో మన నెల్లూరులో అంతకన్నా మంచి సలహా లేదు.

కానీ ఒక్కసారి కోళ్ల రైతు వైపు నుంచి చూడండి. 2020 ఫిబ్రవరి, మార్చిలో చికెన్ తింటే కరోనా అని ఇలాంటి మెసేజే తిరిగితే ధర పడిపోయి వాళ్ళు నిలువునా మునిగారు. హైదరాబాద్‌లో మంత్రులే స్టేజీ ఎక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మీ పొదలకూరు, కోవూరు మండలాల్లో కోళ్ళకి బర్డ్ ఫ్లూ నిజంగానే వచ్చింది, భోపాల్ ల్యాబు తేల్చింది, ఆ చుట్టుపక్కల అమ్మకాలు ఆపించారు. అప్పుడు ఆపడం సబబే. అది పట్టుకుని ఎక్కడో వంద కిలోమీటర్ల అవతల గుడ్డు కూడా ముట్టుకోకపోవడం సబబు కాదు. 70 డిగ్రీలు దాటేలా బాగా ఉడికిస్తే ఆ వైరస్ బతకదు, మన ఇళ్ళలో కూర ఎలాగూ అంతకన్నా ఎక్కువే ఉడుకుతుంది.

ప్రశ్న: మందు తాగితే లోపల వైరస్ చచ్చిపోతుందని మా బ్యాచ్‌లో అంటారు. శానిటైజర్‌లో ఉండేది ఆల్కహాలే కదా?
- దర్శి

జవాబు: చేతి మీద పనిచేసేది గొంతులో పనిచేయదు. వైరస్ ఉండేది కణాల లోపల, అక్కడి దాకా ఆల్కహాల్ వెళ్తే ముందు పోయేది మనిషే. 2020 జూలై ఆఖర్లో మీ పక్కనే కురిచేడులో మద్యం షాపులు మూసి ఉన్నాయని శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్ళు తాగింది పుకారు నమ్మి కాదు, అలవాటు ఆపుకోలేక. ఇరాన్‌లో మాత్రం అదే ఏడాది అచ్చం మీ బ్యాచ్ అన్న మాటే నమ్మి మిథనాల్ తాగి వందలమంది పోయారు. ఇది మీ బ్యాచ్‌లో చదివి వినిపించు.

ప్రశ్న: తప్పుడు మెసేజ్ ఫార్వర్డ్ చేస్తే కేసు పెడతారా? మూడు ఎర్ర టిక్కులు వస్తే పోలీసులు బయల్దేరినట్టే అంటున్నారు, నిజమేనా?
- చీమకుర్తి

జవాబు: ఎర్ర టిక్కులు పచ్చి అబద్ధం. వాట్సాప్‌లో బూడిద రంగు టిక్కులు, నీలం టిక్కులు తప్ప ఇంకేమీ లేవు. పుకార్లు పంపొద్దని చెప్పే మెసేజే పుకారవడం తమాషాగా ఉంటుంది గానీ, ఇది 2020 నుంచి తిరుగుతూనే ఉంది. కేసు సంగతి మాత్రం నిజం. విపత్తు నిర్వహణ చట్టం, 2005లో 54వ సెక్షన్ ప్రకారం, విపత్తు గురించి తప్పుడు హెచ్చరికలు చేసి జనాన్ని భయపెడితే ఏడాది దాకా జైలు గానీ జరిమానా గానీ పడొచ్చు.

ప్రశ్న: మా నాయనమ్మ ఫేస్‌బుక్‌లో ఒక పెద్ద డాక్టర్ చెప్పాడని ఏదో పొడి ఆర్డర్ పెట్టింది. వీడియోలో మనిషి, గొంతు అచ్చం ఆ డాక్టర్‌వే. ఏఐ అంటే వినడం లేదు.
- డిగ్రీ విద్యార్థిని, సింగరాయకొండ

జవాబు: పెదాలు కలవడం లేదు, కళ్ళు ఆర్పడం లేదు అని వెతికే రోజులు దాటిపోతున్నాయమ్మా, ఇప్పుడవన్నీ బాగానే కలుపుతున్నారు. మనిషిని చూడకు, వీడియో చివర ఏముందో చూడు. "కింద లింకు నొక్కండి, ఈరోజు వరకే ఆఫర్" అని ఉంటే ఆ డాక్టర్ నిజమైనా అబద్ధమైనా అది అమ్మకమే. ఆ డాక్టర్ పనిచేసే ఆసుపత్రి వెబ్‌సైట్‌లో గానీ ఆయన సొంత పేజీలో గానీ ఈ వీడియో ఉందా అని వెతుకు, లేకపోతే ఆసుపత్రికే ఫోన్ చేసి నాయనమ్మ చేత మాట్లాడించు. నీ మాట వినకపోయినా ఫోన్లో రిసెప్షన్ అమ్మాయి మాట వింటుంది, పెద్దవాళ్ళతో ఇదొకటి.

ఫోటోలకి గూగుల్ లెన్స్ చాలు. 2020లో చైనా వీధుల్లో శవాలు అని ఒక ఫోటో మన గ్రూపుల్లో కూడా తిరిగింది, రోడ్డు నిండా మనుషులు పడి ఉంటారు. నిజానికి అది 2014లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో నాజీ శిబిరంలో చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థం జనం రోడ్డు మీద పడుకుని చేసిన కళా ప్రదర్శన. లెన్స్‌లో పెడితే క్షణంలో తేలిపోయేది. కేంద్ర ప్రభుత్వ పథకాలు, ఆదేశాల గురించిన మెసేజ్‌లైతే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాళ్ళకి 8799711259 నంబరుకి వాట్సాప్‌లో పంపొచ్చు. అది ప్రభుత్వ సంస్థే కాబట్టి ప్రభుత్వాన్ని తప్పుపట్టే వార్తల విషయంలో దాని తీర్పొక్కటే చాలదు, ఫ్యాక్ట్‌లీ లాంటివాళ్ళు తెలుగులో రాసేవి కూడా చూడు.

ప్రశ్న: మా నాన్న పొద్దున లేచింది మొదలు న్యూస్ చానళ్ళే. బీపీ పెరుగుతోంది, రాత్రిళ్ళు నిద్ర లేదు. టీవీ కట్టేస్తే "లోకంలో ఏం జరుగుతుందో తెలియక్కర్లేదా" అని అరుస్తారు.
- టంగుటూరు

జవాబు: తెలియాలి, కానీ ఆయన టీవీలో చూస్తున్నది అదే వార్త ఇరవైసార్లు. పొద్దున పేపరు, సాయంత్రం ఒక బులెటిన్, ఈ రెండూ చాలని ఒప్పించి చూడండి. కరోనా రోజుల్లో మన రాష్ట్ర ఆరోగ్య శాఖ రోజూ జిల్లాలవారీగా బులెటిన్ ఇచ్చేది, రోజు మొత్తం చానల్ కింద పరిగెత్తే అంకెలన్నీ దాంట్లోంచి తీసినవే.

ఏ వార్త మనకి దగ్గరిదో కూడా చూసుకోవాలి. 2020 మే నెలలో అమెరికాలో ఎన్ని కేసులని అందరం లెక్కలు పెట్టుకున్నాం గానీ, మన జిల్లాకి అసలు ముఖ్యమైన వార్త చెన్నై కోయంబేడు మార్కెట్‌ది. మన కూరగాయల లారీలు, హమాలీలు, వ్యాపారులు రోజూ వెళ్ళొచ్చే చోటు అది, అక్కడి నుంచే నెల్లూరుకి, చిత్తూరుకి కేసులు వచ్చాయి. అంకెలు చూసినప్పుడు ఎన్ని టెస్టులు చేస్తే ఇన్ని కేసులో అడగమనండి, ఆదివారం టెస్టులు తగ్గితే సోమవారం కేసులు తగ్గినట్టు కనపడతాయి. లెక్కల మీద ఆసక్తి ఉన్న మనిషైతే ఒక నోట్‌బుక్ ఇచ్చి వారానికి ఒకసారి రాయమనండి. చేతికి పని దొరికితే భయం కొంచెం వెనక్కి తగ్గుతుంది, నేను చాలా ఇళ్ళలో చూశాను.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తని. టీకాల రోజుల్లో కొన్ని ఇళ్ళలో తలుపు తీసేవాళ్ళు కాదు. పిల్లలు పుట్టరని, నెలసరి రోజుల్లో వేసుకుంటే ప్రమాదమని, రెండేళ్ళలో చచ్చిపోతారని అనేవాళ్ళు. మళ్ళీ అలాంటి రోజులొస్తే ఏం చెప్పాలి? ఇంటింటికీ ఒక కరపత్రం పంచుదామా?
- ఉదయగిరి ప్రాంతం

జవాబు: అమ్మా, ఈ పని మీకన్నా బాగా తెలిసినవాళ్ళు మా ఆఫీసులో లేరు, అయినా అడిగారు కాబట్టి అనుకున్నది చెప్తాను. పుకారు పుట్టేది చాలాసార్లు మనం చెప్పకుండా వదిలేసిన చోట. ఇంజక్షన్ తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్ళు నొప్పులు రావొచ్చని ముందే చెప్పిన ఇంట్లో జ్వరం వస్తే "ఆశమ్మ చెప్పింది కదా" అంటారు. చెప్పని ఇంట్లో అదే జ్వరం సాయంత్రానికి వీధి చివరికి వెళ్ళేసరికి పక్షవాతం అవుతుంది.

నెలసరికి ఐదు రోజుల ముందూ తర్వాతా వేసుకోకూడదన్న మెసేజ్ అబద్ధమని 2021 ఏప్రిల్‌లోనే పీఐబీ తేల్చింది. పిల్లలు పుట్టరన్న దానికీ ఆధారం లేదు, ఆ తర్వాత మీ ఊళ్ళోనే ఎన్ని కాన్పులయ్యాయో మీ రిజిస్టర్‌లోనే ఉంటుంది, అది చూపించండి. కోవిషీల్డ్‌తో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య వస్తుందన్నది మాత్రం నిజం, 2021లోనే యూరప్‌లో గుర్తించారు. 2024లో ఆ టీకాని రూపొందించిన ఆస్ట్రాజెనెకా కంపెనీ లండన్ కోర్టులో ఒప్పుకుందన్న వార్త రాగానే ఎప్పుడో మూడేళ్ళ కిందట వేసుకున్నవాళ్ళంతా గుండె పట్టుకుని కూర్చున్నారు, ఆ సమస్య వచ్చేదైతే డోసు వేసుకున్న కొద్ది వారాల్లోనే వస్తుందని ఎవరూ వాళ్ళకి చెప్పలేదు. అడిగితే దాచొద్దు. ఒకసారి దాచామని తెలిస్తే తర్వాత పోలియో చుక్కలకి కూడా తలుపు తీయరు.

తలుపు తీయని ఇంటికి మీరే నాలుగోసారి వెళ్ళడం కన్నా, ఆ వీధిలో వేసుకుని బాగున్న ఆడమనిషిని తోడు తీసుకెళ్ళండి. వాదించొద్దు, దేనికి భయమో ముందు వాళ్ళనే చెప్పనివ్వండి, ఎక్కువసార్లు అసలు భయం టీకా కాదు, జ్వరం వస్తే రెండు రోజుల కూలి పోతుందని.

కరపత్రం మంచి ఆలోచనే, కానీ ఇంటింటికీ వద్దు. ఒక్క పేజీ చాలు, మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ చేత సంతకం పెట్టించి, తేదీ వేయించి, అడగాల్సిన ఫోన్ నంబరు పెద్దగా రాయించి సచివాలయం బోర్డు మీద, రేషన్ షాపు దగ్గర, రచ్చబండ దగ్గర అంటించండి. సలహా మారిన రోజున పాతది చింపేసి, ఏం మారిందో పైన ఒక్క వాక్యంలో రాసి కొత్తది అంటించండి. పాత కాగితం మీద కొత్తది అంటించొద్దు, వానకి పైది ఊడితే మళ్ళీ పాతదే చదువుతారు.